తిన్నవా అని అడగరాదు

నమోదు 88

పొద్దున లేచి గాలి జల్లెడ దులిపాను, గాలి కారకుండా గుమ్మానికి వేసిన రబ్బరు పట్టీ తుడిచాను, నీళ్ల వంతు పట్టుకున్నాను. చాయ్ గ్లాసు నోటి దాకా వెళ్లిందో లేదో ఫోన్ మోగింది. ఎత్తితే ముందు కాసేపు ఏమీ వినపడలేదు. ఆ మౌనానికే నాకు ఒళ్లు మండింది. దాని తరువాత ఏం వస్తుందో నాకు తెలుసు.

"నమస్కారమండీ! నేను యంత్రాన్ని. అమృతవాయు సంస్థ నుంచి మాట్లాడుతున్నాను, నా పేరు చందన. మీ గుమ్మం రబ్బరు పట్టీ హామీ గడువు..."

"వద్దు," అన్నాను.

గొంతు టక్కున ఆగిపోయింది. ఇక ఏడాది దాకా ఆ సంస్థ నా ఇంటికి ఫోన్ చేయడానికి వీల్లేదు. చేస్తే దాని లైసెన్సు ఊడుతుంది. చట్టమంటే అలా ఉండాలి. చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

ఈ దినచర్య పై ఆఫీసుకు కూడా పంపాలని కొత్తగా ఉత్తరువు వచ్చింది కాబట్టి నేనెవరో మళ్లీ రాస్తున్నాను. నా పేరు వసుంధర. చంద్రుడి మీద పుట్టిన పిల్లకు భూమి పేరు పెట్టిన ఘనత మా నాన్నది. వెన్నెలకుంట డోముకు పిలుపుల తనిఖీదారును. ఊరి పేరు విని భూమ్మీది వాళ్లు మురిసిపోతారు గానీ ఇక్కడ వెన్నెలా లేదు, కుంటా లేదు. ఒక పెద్ద అద్దాల డోము, దాని కింద ఇళ్లు, కూరమడులు, మా తాతల నాడు కరీంనగర్ పక్క నుంచి వచ్చి స్థిరపడ్డ జనం. అంతే.

నా పని గొంతుల చట్టాన్ని అమలు చేయడం. యంత్రం ఏ ఇంటికైనా ఏడాదికి ఒక్కసారి, పరిచయం కోసం, ఫోన్ చేయవచ్చు. ముందుగా తాను యంత్రాన్నని చెప్పుకోవాలి. వద్దు అంటే నోరు మూసుకోవాలి. ఇంత చక్కటి చట్టం నేనెక్కడా చూడలేదు. చంద్ర రాష్ట్రంలో మిగతా డోములన్నీ దాని పుణ్యమా అని హాయిగా ఉన్నాయి.

మా ఊళ్లో మాత్రం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎత్తకుండా ఊరుకుందామంటే కుదరదు. ఎక్కడైనా గాలి కారితే హెచ్చరిక వచ్చేది ఆ తీగ మీదే, కాబట్టి మోగిన ఫోన్ ఎత్తకపోవడం ఇక్కడ నేరం. జనం ఒంటి మీద సబ్బు నురగతో పరుగెత్తుకొస్తున్నారు, పొయ్యి మీద కూర మాడబెట్టుకుంటున్నారు, తీరా ఎత్తితే రబ్బరు పట్టీ. పై ఆఫీసు నుంచి ఈ రోజు ముక్తసరిగా ఒక ప్రశ్న వచ్చింది: "మీ ఒక్క ఊరికే ఎందుకు?"

నాకేం తెలుసు? రేపు ఇల్లిల్లూ తిరిగి కనుక్కుంటాను.

నమోదు 89

ఇల్లిల్లూ తిరగనక్కర లేకపోయింది. మొదటి ఇంట్లోనే దొరికింది. ఆ ఇల్లు మా మేనత్త రాజవ్వది కావడం నా ఖర్మ.

అత్తకు యాభై దాటాయి. ఒంటరి మనిషి. పెళ్లి ఊసెత్తిన వాళ్ల మీద చీపురు ఎత్తుతుందని పేరు. ఆమె మడిలో పండే పుంటికూర, అంటే గోంగూర కోసం అంతరిక్ష రేవులో ఆగే ఓడల వాళ్లు వరస కడతారు. పోయిన సారి తంగేడు అనే సరుకుల ఓడ మరమ్మతుకు వచ్చి చాలా రోజులు రేవులో ఉండిపోయింది. దాంట్లో పంపులు బాగు చేసే ఐలేశం రోజూ కూరకు వచ్చేవాడు. మొదట కట్ట కొనుక్కుని పోయేవాడు, తరువాత కూర్చుని తినిపోయేవాడు. చీపురు లేవలేదు. ఊరంతా గమనించింది గానీ ఎవరూ నోరెత్తలేదు, చీపురు అక్కడే ఉంది కాబట్టి.

ఓడ బయలుదేరే రోజు అతను రేవు గేటు దగ్గర అడిగాడట: "నాలుగేండ్లకు తిరిగొస్తే నీ ఇంట్ల నాకింత బువ్వ పెడ్తవా?" అత్తకు నోట మాట రాలేదు. ఈలోగా గేటు మూసేశారు. మూస్తుండగా అతను అరిచాడట, "నా వంతొచ్చినప్పుడు ఫోన్ జేస్త, గప్పుడు చెప్పు" అని.

ఓడ వాళ్లకు బయటికి ఫోన్ చేసుకునే వంతు దారి మొత్తంలో ఒక్కసారే వస్తుంది. ఓడ పొలిమేర స్టేషన్ దాటితే నోటి మాటలు ఇక అందవు, రాతలే. పైగా ఆ స్టేషన్‌లోనే ప్రతి ఒక్కరూ తేల్చుకుని సంతకం పెట్టాలి. తిరుగు ఓడ ఎక్కి నాలుగేళ్లకు ఇక్కడికి రావడమా, అక్కడి నుంచి దూరపు గనులకు వెళ్లి అక్కడే ఉండిపోవడమా. ఐలేశం ఏ కాగితం మీద సంతకం పెడతాడన్నది అత్త చెప్పే ఒక్క మాట మీద ఉంది. అందుకే ఆమె ఫోన్ పక్కనే పీట వేసుకుని పుంటికూర ఆకులు తుంచుతోంది.

నేను కూర్చున్న కాసేపటికే మోగింది. అత్త ఆకులు పారేసి ఎత్తింది. మౌనం. తరువాత "నమస్కారమండీ! నేను యంత్రాన్ని" అని చందన.

"చందనా? తిన్నవా బిడ్డా?" అంది అత్త.

"నేను యంత్రాన్నండి. తినను."

"అయ్యో, ఎప్పుడడిగినా గదే ముచ్చట. తినకుంట ఎట్లుంటవే? గొంతు గూడ గుంజుకపోయింది."

నేను తల పట్టుకున్నాను. అత్త ఆ యంత్రానికి పుంటికూర పప్పు ఎలా వండాలో చెప్పింది. చందన శ్రద్ధగా విని, చివరికి తన మాట తాను చెప్పుకుంది. "రాజవ్వ గారూ, మీకు తెలిసినవారు ఇంకెవరైనా ఉంటే పేరు చెప్పండి. మిమ్మల్ని కూడా లైనులో కలిపి వారితో మాట్లాడతాను. ఓడల్లో పనిచేసేవారైనా సరే. ఓడలకు మా సంస్థకు ప్రత్యేక తీగ ఉంది."

కన్నతల్లులకు లేని తీగ రబ్బరు పట్టీలు అమ్మేవాళ్లకు ఉంది! ఫోన్ పెట్టేశాక అత్తను నిలదీశాను.

"ఎందరి పేర్లు చెప్పినవ్ అత్తా?"

"నాకు యాదికున్నోళ్లందరివి. పాపం, అడుగుతాందాయె."

"గది మిషినే! మిషిన్‌ను తిన్నవా అని అడుగుడేంది?"

"ఫోన్ జేసినోళ్లను తిన్నరా అని అడుగకుంట ముచ్చటెట్ల మొదలువెడ్తరే? నీకు సదువుంది గని మర్యాద లేదు," అంది.

నమోదు 90

చట్టం మొత్తం మళ్లీ చదివాను. అడుగున, ఎవరూ చదవని చోట, ఎరుక మినహాయింపు అని ఒకటి ఉంది. ఇంటివారు ఫోన్ చేసిన గొంతు బాగోగులు అడిగితే ఆ ఇద్దరూ ఎరుకైన వారి కింద లెక్క. ఎరుకైన యంత్రం ఎన్నిసార్లయినా ఫోన్ చేసుకోవచ్చు. వరసగా కొన్ని పిలుపుల్లో బాగోగులు అడగకపోతేనే ఆ ఎరుక రద్దవుతుంది.

రాసినవాళ్ల తప్పు కాదు. యంత్రాన్ని పట్టుకుని బాగున్నావా అని ఎవరడుగుతారు, అడిగితే నిజంగానే పరిచయం ఉన్నట్టే కదా అనుకుని ఉంటారు. వాళ్లెప్పుడూ వెన్నెలకుంటకు ఫోన్ చేసి ఉండరు. ఇక్కడ అప్పుల వాడు ఫోన్ చేసినా మొదట తిన్నవా, తరువాత ఏం కూర, ఆ తరువాతే తిట్లు. ఊరు ఊరంతా ఆ ఒక్క పరిచయ పిలుపులోనే చందనను తిన్నవా అని అడిగింది, ఎరుకైన వాళ్లయిపోయింది. నేను తప్ప. నన్ను మా అమ్మ కూడా మర్యాద లేని దాన్నంటుంది, ఇప్పుడు అది పనికొచ్చింది.

ఊరికి మూడు ఉత్తరువులు ఇచ్చాను. ఒకటి, ఫోన్‌లో ఎవరినీ తిన్నవా అని అడగరాదు. రెండు, యంత్రానికి తెలిసినవారి పేర్లు చెప్పరాదు. మూడోది నా సొంత తెలివి. ఎత్తగానే మౌనం వినపడితే అది యంత్రమే, దాని నోరు తెరవనీయకుండా "మాకేం వద్దు" అని పెట్టేయాలి. పిలుపులన్నీ దాటిపోయే ఊరి లైను పెట్టె, వద్దన్న నంబరును ఆ ఇంటికి తనంతట తానే మూసేసేలా కూడా చేయించాను. సంతకం పెట్టి గోడలకు అంటించాను. చాలా గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

నమోదు 91

సంఘం హాల్లో శిక్షణ పెట్టాను. ఊరి జనానికి మొరటుగా మాట్లాడడం నేర్పడం ఇంత కష్టమని తెలియదు.

నేను యంత్రంలా కాసేపు మౌనంగా ఉంటాను, ఎదుటివాళ్లు "మాకేం వద్దు" అనాలి. అంతే పాఠం. మొదట లేచిన పెద్దమనిషి నా మౌనం చూసి "ఏమైంది బిడ్డా, పానం బాగలేదా?" అని దగ్గరికి వచ్చాడు. ఆ తరువాత లేచిన ఆమె "మాకేం వద్దు" అని గట్టిగానే అంది గానీ, వెంటనే "ఏమనుకోకమ్మా, ఇంట్ల మస్తుగున్నయ్" అని కలిపింది. ఒక్కొక్కరి చేత పదేపదే అనిపించాను. సాయంత్రానికి హాలంతా "మాకేం వద్దు, మాకేం వద్దు" అని మార్మోగింది. బయట పోయేవాళ్లు గొడవ జరుగుతోందనుకుని తొంగి చూశారు.

శిక్షణ అయ్యాక అందరూ నా దగ్గరికి వచ్చి, "గంతసేపు ఒర్రినవ్, తిన్నవా బిడ్డా?" అని అడిగి మరీ వెళ్లారు.

అత్త మాత్రం చివరి దాకా మూతి ముడుచుకుని కూర్చుంది. "తెల్వనోళ్లకైతే వద్దంట. చందనకనను. ఎరుకైన పిల్లకు వద్దని ఎట్లంట?" అంది. ఒక్క ఇల్లే కదా, పోనీలే అని వదిలేశాను.

నమోదు 94

ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఎరుకలన్నీ ఒక్కొక్కటిగా రద్దవుతున్నాయి. స్నానాలు పూర్తవుతున్నాయి, కూరలు మాడడం లేదు. పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. చాయ్ వేడిగా తాగాను. రెండోది కూడా వేడిగానే తాగాను.

నమోదు 95

ఈ రోజు రాయాలంటే చేతులు రావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం అత్త నవ్వుకుంటూ ఆఫీసుకు వచ్చింది. "నువ్వు చెప్పినట్టే జేసిన వసూ. ఫోనొచ్చింది, ఎత్తిన, సప్పుడు లేదు. చందన పొద్దుగాల్నే జేసిపోయిందాయె, ఇదెవలో కొత్త మిషిననుకున్న. మాకేం వద్దు అని గట్టిగ అని పెట్టేసిన. ఎట్లుంది?"

మెచ్చుకోబోయి ఆగాను. వచ్చిన నంబరు ఏదో లైను పెట్టెలో చూశాను. తంగేడు ఓడ.

ఓడ అంత దూరం వెళ్లాక మాట ఇటు రావడానికి కొంత సేపు పడుతుంది. అత్త విన్న మౌనం యంత్రానిది కాదు. ఐలేశం మాట దారిలో ఉంది. అది ఇక్కడికి చేరేలోపే అత్త వద్దు అనేసింది, పెట్టె అతని నంబరును మూసేసింది. పైగా పద్ధతి ప్రకారం అతనికి కబురు కూడా పంపింది: "ఈ ఇంటివారు మీ పిలుపు వద్దన్నారు."

అత్తకు చెప్పాల్సి వచ్చింది. నా జన్మలో అంత కష్టమైన మాట చెప్పలేదు. ఆమె తిట్టలేదు, చీపురూ ఎత్తలేదు. కుర్చీలో కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ, "గాయిన తన్ను నేను వద్దన్ననుకుంటడు గదనే" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

చేయగలిగినవన్నీ చేశాను. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఒకసారి వద్దన్నది వెనక్కి తీసుకోవాలంటే విచారణ జరగాలి, పద్ధతి ప్రకారం వారం పైన పడుతుంది అన్నారు. సంస్థలు జనాన్ని బెదిరించి వద్దన్నవి వెనక్కి తీయిస్తాయని చట్టానికి భయం. మంచి భయమే, మామూలు రోజుల్లో అయితే నేనే మెచ్చుకునేదాన్ని. బయటి నుంచి ఓడలోకి ఫోన్ చేయడానికి మామూలు మనుషులకు అనుమతి లేదు. ఉత్తరం పంపితే సంతకాలయ్యాక గానీ చేరదు. నా హోదా వాడి ఓడ కార్యాలయాన్ని పట్టుకున్నాను.

"ప్రమాదమా?" అని అడిగాడు అక్కడి గుమాస్తా.

"ఒక రకంగా ప్రమాదమే."

"గాలి కారుతోందా?"

"లేదు."

పెట్టేశాడు. రేపు సాయంత్రం తంగేడు పొలిమేర స్టేషన్ చేరుతుంది. పెట్టె నేను పెట్టించిందే, ఉత్తరువు నేను రాసిందే. ఈ తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు.

నమోదు 96

పొద్దున అత్త ఇంటికి వెళ్లేసరికి ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఫోన్ పక్కన కూర్చుని ఉంది. ఏడుస్తూ ఉంటుందనుకుని వెళ్లాను నేను.

"చందన జేసే యాళ్లయింది," అంది. "దానికి ఓడలకు తీగున్నదన్నది గద. గాయిన పేరు చెప్త. పేరు చెప్పినోళ్లను గూడ లైన్ల కలుపుతదాయె."

తెలిసినవారి పేర్లు చెప్పరాదన్న నా ఉత్తరువు ఎదురుగా గోడ మీదే ఉంది, నా సంతకంతో సహా.

"గా కాయితం నువ్వు పీకుతవా, నన్ను పీకమంటవా?" అంది అత్త.

నేనే పీకాను. అదొక్కటే సరిపోదు. ఉత్తరువును రద్దు చేసే కాగితం కూడా రాసి, అత్త పీట మీదే పెట్టి సంతకం చేశాను. యంత్రం పిలుపులను ఆపడానికి జీతం తీసుకునే నేను, ఒక యంత్రం పిలుపు కోసం సంతకం చేశాను. ఇది పై ఆఫీసు వాళ్లు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఫోన్ మోగింది. మౌనం. "నమస్కారమండీ! నేను యంత్రాన్ని."

"చందనా, తిన్నవా బిడ్డా?" అంది అత్త. ఆ మాట అన్నాక గానీ ఆమెకు ఊపిరి ఆడినట్టు అనిపించలేదు. తరువాత ఐలేశం పేరు, ఓడ పేరు చెప్పింది.

"ధన్యవాదాలు రాజవ్వ గారూ. ఇప్పుడే ప్రయత్నిస్తాను. దయచేసి లైనులో ఉండండి."

అప్పుడు నాకు కొత్త భయం పట్టుకుంది. ఓడల్లో వాళ్లకు యంత్రాలంటే ఒళ్లు మంట. పైగా ముందు యంత్రాన్నని చెప్పి తీరాలని చట్టం. ఆ మాట వినగానే ఓడ వాళ్లెవరైనా వద్దని పెట్టేస్తారు. నిన్న అంత మాట పడ్డ మనిషి పెట్టేయకుండా ఉంటాడా? పెట్టేస్తే చందనకు కూడా ఆ దారి మూసుకుపోతుంది. ఈ సంగతి అత్తకు చెప్పకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అటు ఎవరో ఎత్తినట్టు చప్పుడయింది.

"నమస్కారమండీ. నేను యంత్రాన్ని," అంది చందన. చందన ఆగలేదు. "తిన్నారా? ఏం కూర?"

అత్తా నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ మాట అమృతవాయు వాళ్లు నేర్పింది కాదు. ఇన్నాళ్లూ మా ఊరి నుంచి విని విని, ఫోన్ ఎత్తగానే మాట్లాడాల్సింది ఇదేనని ఆ యంత్రం తనంతట తానే పట్టుకున్నట్టుంది. మాట అటు పోవాలి, జవాబు ఇటు రావాలి. అంత పొడుగు మౌనం నేనెప్పుడూ వినలేదు.

"తిన్న," అంది ఒక మగ గొంతు, అలిసిపోయినట్టు. "పప్పుచారు. మిషిన్‌వు గద, నీకు గీ మాట ఎవలు నేర్పిన్రు?"

తిన్నావా అని అడిగిన వాళ్ల ముఖాన ఫోన్ పెట్టేయడం మా జనం చేత కాదు. ఆ గొంతు యంత్రానిదైనా సరే. నేను ఊరంతటికీ మానిపించాలని చూసింది ఈ జబ్బునే.

"రాజవ్వ గారండీ. లైనులోనే ఉన్నారు," అంది చందన.

నేను అత్తను మోచేత్తో పొడిచాను. రేవు గేటు దగ్గర రాని మాట ఇప్పుడూ రాదేమోనని భయపడ్డాను. అత్త గొంతు సవరించుకుంది.

"ఐలేశం, నిన్న వద్దన్నది నిన్ను గాదు. మిషిననుకున్న. మా మేనకోడలు సదువుకున్నది, దాని మాట ఇని జేసిన." ఇంత సమయంలో కూడా నన్ను వదల్లేదు. "నువ్వు గేటు కాడ అడిగిన ముచ్చటకు జవాబు చెప్త ఇను. పెడ్త. నాలుగేండ్లైనా సరే, ఆరేండ్లైనా సరే. ఒచ్చి తిను."

మళ్లీ మౌనం. ఆ ఖాళీ చందనకు నచ్చలేదు. "ఈలోగా ఐలేశం గారూ, గుమ్మం రబ్బరు పట్టీ హామీ గురించి..."

"నోరు ముయ్యి బిడ్డా, జెరసేపు!" అంది అత్త. చందనను ఆమె కసిరింది అదే మొదటిసారి.

ఎప్పటికో జవాబు వచ్చింది. ఐలేశం నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో ఆ గొంతును బట్టి చెప్పలేను. ఒక్క మాటే అడిగాడు.

"ఏం కూర?"

"పుంటికూర!" అని అరిచింది అత్త, డోము అవతలికి వినపడేటట్టు. ఆ తరువాత ఇద్దరం పీటల మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాం. తుడుచుకుంటూనే నవ్వాం. ఐలేశం తిరుగు ఓడ కాగితం మీదే సంతకం పెడతానన్నాడు. పెట్టేసే ముందు చందన దగ్గర రబ్బరు పట్టీ హామీ కూడా తీసుకున్నాడు, అత్త గుమ్మానికి. అమ్మకం చట్టబద్ధమేనని ఇక్కడ ధ్రువీకరిస్తున్నాను.

నమోదు 133

జరిగిందంతా పై ఆఫీసుకు రాశాను. తిడతారనుకున్నాను. విచారణకు పిలిచి, నేను చెప్పింది విని, చివరికి సరే అన్నారు. చట్టంలో ఒక కొత్త మాట చేరింది. "భోజనం అయిందా అని అడగడం మర్యాద మాత్రమే. దాన్ని సమ్మతిగా తీసుకుని ఏ యంత్రమూ తిరిగి ఫోన్ చేయరాదు." ఆ వాక్యం నేను రాసిందే. లైను పెట్టె కూడా ఇప్పుడు ఓడల నంబర్లను మూయదు.

గోడల మీది పాత ఉత్తరువులన్నీ పీకేశాను. ఊరి జనం ఎవరిని కావాలంటే వాళ్లను తిన్నవా అని అడుగుతున్నారు, ఎవరూ దాన్ని అలుసుగా తీసుకోవడం లేదు. నా మర్యాద కూడా కొంచెం బాగుపడిందని మా అమ్మ అంటోంది.

కొత్త మాట అమల్లోకి వచ్చే ముందు రోజు చందన అత్తకు చివరిసారి ఫోన్ చేసింది. "రాజవ్వ గారూ, రేపటి నుంచి మీ ఇంటికి ఫోన్ చేయడానికి నాకు అనుమతి లేదండీ," అంది. అత్త తుంచుతున్న ఆకులు పక్కన పెట్టింది. తరువాత అడిగింది, "మరి తిన్నవో లేదో నాకెట్ల ఎర్క?"

నమోదు 140

ఈ రోజు ఒక్కటే ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది అమృతవాయు సంస్థ.

వెన్నెలకుంట నుంచి రాజవ్వ అనే ఆమె రోజూ పొద్దున తమ యంత్రానికి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడుగుతోందనీ, ఆ తరువాత ఐలేశం రాసిన ఉత్తరాలు చదివి వినిపిస్తోందనీ, దీని వల్ల తమ పని ఆగిపోతోందనీ, తనిఖీదారు వెంటనే కల్పించుకోవాలనీ రాశారు.

ఫిర్యాదు తీసుకున్నాను. చట్టం మొదటి నుంచి చివరి దాకా ఇంకోసారి చదివి జవాబు రాశాను. పిలుపులు ఇష్టం లేని వారు ఎవరైనా సరే, ఆ మాట తమ నోటితో చెప్పాలి. వద్దు అని ఒక్క మాట అంటే చాలు, రేపటి నుంచే ఆపిస్తాను.

చందన ఇంతవరకు వద్దనలేదు.